గొలుసు తెంపాల్సిన చోట్లు

నాది పెబ్బేరు. ఊరి భూమి లెక్కలు రాసే పట్వారీలు ఉన్న కాలంలో మా పట్వారి దగ్గర నకళ్లు రాస్తూ, కలం ఎత్తకుండా అక్షరాలు కలిపి రాసే గొలుసుకట్టు నేర్చుకున్నాను. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం పటేల్, పట్వారీ వ్యవస్థను తీసేశాక వనపర్తిలో దస్తావేజులు రాయడం పట్టుకుని, కళ్లు సహకరించినన్నాళ్లు అదే పని చేశాను. ఇప్పుడు రాయడం మానేశాను గానీ చదవడం మానలేదు. బీరువా అడుగునో, అటక మీది ట్రంకుపెట్టెలోనో దొరికిన కాగితం పట్టుకుని ఎవరో ఒకరు ఇంటికి వస్తూనే ఉంటారు. అక్షరాలు కలిపి రాయడం గురించి నాకు తెలిసిన నాలుగు ముక్కలు పిల్లలకూ, వాళ్ల టీచర్లకూ, ఇంట్లో పాత కాగితాలున్న రైతులకూ పనికొస్తాయేమోనని ఇలా వరుసగా పెడుతున్నాను.

1. విడి అక్షరం నిలబడ్డాకే గొలుసు

మా వీధిలో యూకేజీ పిల్లకు నాలుగు గీతల కాపీ ఇచ్చి ఇంగ్లీషు కర్సివ్ రాయిస్తున్నారు. ఆ పిల్లకు విడిగా రాసిన బి, డి లకే ఇంకా తేడా తెలియదు. తల్లి మాత్రం "మా బిడ్డ కర్సివ్ రాస్తది" అని మురుస్తుంది. మా పట్వారి దగ్గర ముందు పలక. పలక మీద గుణింతం, తర్వాత వత్తులు, ఆ తర్వాత కాగితం మీద చూచిరాత. ప్రతి అక్షరం విడిగా నిలకడగా వచ్చిందని ఆయనకు నమ్మకం కుదిరాకే కలిపి రాయనిచ్చేవాడు.

కలిపి రాస్తే ప్రతి అక్షరంలోనూ కొంత భాగం కరిగిపోతుంది. ఏది కరిగినా నష్టం లేదో, ఏది కరగకూడదో విడి అక్షరం బాగా ఎరిగినవాడికే తెలుస్తుంది. తలకట్టు పోయినా క అనేది కగానే ఉంటుంది. వ పక్కన కొమ్మును నిర్లక్ష్యంగా విసిరితే మాత్రం అది మ అయి కూర్చుంటుంది. ఊరి పేరులోనో, ఇంటిపేరులోనో అలా జరిగితే మనిషే మారిపోతాడు.

2. "పెబ్బేరు" అని రాసి చూడండి

విడిగా రాస్తే ఈ మాటలో ఏడు ముక్కలున్నాయి: ప, దానిమీద ఎత్వం, బ, దానిమీద ఏత్వం, కింద బ వత్తు, ర, దాని కొమ్ము. ఒక్కో ముక్కకు కలం లేచి దిగాలి. గొలుసుకట్టులో ప ముగిసిన చోటు నుంచే గీత ఆగకుండా పైకి లేచి ఎత్వంగా మెలిక తిరుగుతుంది. ఆ మెలిక చివరే కిందికి దిగి బ అవుతుంది. కొత్తగా నేర్చుకునేవాడి చేయి ఇక్కడే ఆగుతుంది. ఏత్వం కోసం పైకి పోవాలా, వత్తు కోసం కిందికి పోవాలా? ముందు పైకి పోయి, ఏత్వం ముగించి, అదే ఊపులో కుడిపక్కగా జారి వత్తు చుట్టమని మా పట్వారి చెప్పేవాడు. ఆ వత్తు తోకే పైకి లేచి ర అవుతుంది, కొమ్ము ఒక విసురు. మొత్తం మాటకు కలం దిగేది ఒక్కసారి, లేచేది ఒక్కసారి.

ఇంగ్లీషు కర్సివ్ నేర్పే పద్ధతి తెలుగుకు పూర్తిగా పనికిరాకపోవడానికి కారణం ఇదే. ఇంగ్లీషు గీత వెంట ఎడమ నుంచి కుడికి సాగిపోతుంది. తెలుగులో పైన గుడి, కింద వత్తు, పక్కన కొమ్ము ఉంటాయి. చేయి ముందుకు పోవడంతో పాటు పైకీ కిందికీ ఊగాలి. వేళ్లతో రాస్తే అది కుదరదు, మణికట్టు తేలిగ్గా ఉండాలి, మోచేయి బల్ల మీద ఆని ఉండాలి. తాటాకు కాలంలో ఈ సంగతి వేరు. గంటం పట్టిన చేయి కుదురుగా ఉంటే ఎడమ బొటనవేలి ఒత్తిడితో ఆకే కదిలేది. గీసిన అక్షరానికి మసి పూస్తే గానీ కనిపించేది కాదు.

3. వేగంగా రాసింది ఎవరు చదువుతారు?

పట్వారికి వేగం కావాల్సి ఉండేది. పహాణీ అంటే ఊళ్లో ఉన్న ప్రతి సర్వే నంబరుకూ పట్టాదారు ఎవరు, కబ్జాలో ఎవరున్నారు, ఏ పంట వేశారు, నీళ్లెక్కడివి అని ఏటేటా రాయాల్సి వచ్చేది. పైగా ఏటా శిస్తు లెక్కలు తేల్చే జమాబందీకి అన్నీ సిద్ధం కావాల్సి ఉండేది. రాసేదీ ఆయనే, మళ్లీ తీసి చదివేదీ ఆయనే. ఎవరికీ అర్థం కాకుండా కావాలనే అలా రాస్తారని ఊళ్లో అనుకునేవారు. అందులో కొంత నిజం ఉంది. గుట్టుగా ఉండాల్సిన లెక్కను కొందరు మరింత గజిబిజిగా రాయడం నేను చూశాను. ఎక్కువమంది విషయంలో మాత్రం అది చేతి అలవాటే.

4. నాలుగు చోట్ల గొలుసు తెంపాలి

నేను రాసిన కాగితాల్లో కథంతా గొలుసుకట్టులోనే ఉండేది. పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం, రూపాయలు మాత్రం విడి అక్షరాల్లో, విడి అంకెల్లో. ఎవరు తొందరపెట్టినా ఈ నాలుగింటి దగ్గర చేయి నెమ్మదించేది.

సర్వే నంబరు సంగతి చూడండి. మా వైపు ఒక సర్వే నంబరును పంచుకుంటే 45/అ, 45/ఆ, 45/ఇ అని విడగొడతారు. అ కూ ఆ కూ తేడా చివర ఒక చిన్న తోక. కలిపి రాసే చేయి ప్రతి అక్షరం చివరా తోక వదులుతుంది. అన్న పొలం తమ్ముడి పేరు మీదికి, తమ్ముడి పొలం అన్న పేరు మీదికి పోవడానికి ఆ తోక చాలు. అందుకే నేను "నలభై అయిదు బై అ, అనగా మొదటి భాగం" అని మాటల్లో కూడా రాసేవాణ్ణి. కొందరు నవ్వేవారు, నవ్వనీ.

విస్తీర్ణంలో ఇంకో మెలిక. మనకు ఎకరానికి 40 గుంటలు. 2-20 అని రాస్తే రెండు ఎకరాల ఇరవై గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు. ఆ మధ్య గీత పొట్టిదై చుక్కలా కనబడితే కంప్యూటర్ దగ్గర కూర్చున్న కుర్రవాడు దాన్ని 2.20 అని కొడతాడు, చదివేవాడు రెండుంబావు ఎకరాల కన్నా తక్కువ అనుకుంటాడు. గీత పొడుగ్గా ఉండాలి, పక్కన "గుంటలు" అని పూర్తిగా ఉండాలి. గుం. అని కుదించి సున్న మింగేసే చేతులు ఎన్నో చూశాను.

రూపాయలకు చట్టమే తోడుంది. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం ప్రకారం ప్రామిసరీ నోటులో అంకెల్లో ఒకటి, అక్షరాల్లో ఒకటి ఉంటే అక్షరాల్లో రాసిందే చెల్లుతుంది. కాబట్టి "అక్షరాల" అని మొదలుపెట్టిన తర్వాత గొలుసు వద్దు. వేయి అన్న మాట ముందు ఖాళీ వదలొద్దు, పది అన్నది ఇరుక్కుంటుంది. "మాత్రమే" అన్న మాట తర్వాత గీత కొట్టి పంక్తి చివరిదాకా లాగాలి.

డాక్టర్లకూ చివరికి ఈ నియమమే పెట్టారు. మందుల చీటీ స్పష్టంగా, వీలైతే పెద్ద బడి అక్షరాల్లో రాయాలని 2016లో మెడికల్ కౌన్సిల్ నిబంధన సవరించింది. రోగం కథ ఎలా రాసుకున్నా మందు పేరు దగ్గర గొలుసు తెంపమనే కదా!

5. సంతలో గొలుసు అసలే వద్దు

శనివారం పెబ్బేరు సంతలో ఎడ్ల బేరం కుదిరి, కొంత నగదు, కొంత ఉద్దెర అయితే కాగితం రాయమని అడిగేవారు. మోకాలి మీద అట్ట పెట్టుకుని రాయాలి. తెల్లదా, మైలదా, కొమ్ములెలా ఉన్నాయి, రెండు పళ్లదా, ఆరు పళ్లదా, సుడి ఎక్కడుంది, ఇవన్నీ పడాలి. కొన్నవాడు కర్నూలు నుంచో రాయచూరు నుంచో వచ్చినవాడు. రాయచూరు మనిషికి కన్నడ వస్తే, మన విడి అక్షరాన్ని కూడబలుక్కుని చదువుకుంటాడు, రెండు లిపులూ అంత దగ్గర. గొలుసుకట్టు చూపిస్తే తలకిందులుగా పట్టుకుంటాడు.

6. చదివేటప్పుడు హద్దుల దగ్గర మొదలుపెట్టండి

ఇది అన్నింటికన్నా పనికొచ్చే సంగతి, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

మా జిల్లాల్లో భూమి కొని రిజిస్ట్రేషన్ చేయించుకోకుండా తెల్ల కాగితం మీద రాసుకున్నవాళ్లు లెక్కలేనంతమంది. వాటినే సాదా బైనామా అంటాం. 2014 జూన్ 2కు ముందు కొని, 2020లో దరఖాస్తు పెట్టుకున్న చిన్న, సన్నకారు రైతులకు వాటిని క్రమబద్ధం చేసే వీలు తెలంగాణ భూ భారతి చట్టంలో ఉంది. 2025లో ఆ చట్టం అమల్లోకి వచ్చాక పెట్టెల్లోంచి కాగితాలు బయటికి వచ్చాయి. "సారూ, మా నాయిన రాయించిండు, జర సదివి చెప్పుండ్రి" అని తెస్తారు. తెచ్చినవాడు డిగ్రీ చదివిన కొడుకైనా ఒక్క పంక్తి ముందుకు పోడు. మొదటి పంక్తిలో మొదటి మాట దగ్గరే ఆగిపోయి ఉంటాడు.

మొదటి పంక్తి వదిలేయండి. కాగితం మధ్యలోనో, చివరనో హద్దులుంటాయి. తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం. ఈ నాలుగు మాటలూ ప్రతి భూమి కాగితంలో ఉండి తీరతాయి, ఒకదాని కింద ఒకటి ఉంటాయి కాబట్టి దూరం నుంచే పట్టుకోవచ్చు. మాటలు ఏమిటో మీకు ముందే తెలుసు. ఇక ఆ చేయి వాటిని ఎలా రాసిందో చూడడమే మిగిలింది. పడమరలో ప, డ, మ, ర దొరుకుతాయి. దక్షిణంలో ద, క్ష, ణ. ఉత్తరంలో ఉ, త, త వత్తు. వేరే కాగితం మీద ఒక్కో అక్షరం అచ్చం ఆ చేయి రాసినట్టే దించుకోండి. ఆ తర్వాత రెవెన్యూ గ్రామం, మండలం లేదా తాలూకా పేరు వెతకండి, అవీ మీకు తెలిసినవే. సాక్షుల పేర్లు ఊళ్లో అడిగితే తెలుస్తాయి. ఇంత పని అయ్యేసరికి సగం వర్ణమాల చేతికి వస్తుంది, అప్పుడు మొదటి పంక్తికి వెళ్తే అది దానంతటదే విడిపోతుంది.

తూర్పు దగ్గర ఒక హెచ్చరిక. పాత చేతుల్లో ర్పు అని మనలా రాయరు. పు రాసి దాని కుడిపక్కన ఒక చిన్న గిలక పెడతారు, అదే వలపలగిలక. తెలియనివాడికి అది తెలుగు తొమ్మిది అంకెలా కనబడుతుంది. ఒకాయన తన పొలం తూర్పు హద్దులో తొమ్మిది ఏదో ఉందని, అది సర్వే నంబరేమోనని పక్క పొలం వాళ్లతో తగాదాకు కూడా దిగాడు. తీరా చూస్తే అది తూర్పులోని రకారమే.

మాటల మధ్య ఖాళీ ఉండదు. కామా, ఫుల్‌స్టాప్ ఉండవు. అందుకని పంక్తిని కంటితో కాకుండా నోటితో చదవాలి. పెద్దగా పైకి చదువుతూ పోతే మాట ఎక్కడ తెగుతుందో చెవికి తెలుస్తుంది.

7. సున్న చుక్కగా ఉన్న లెక్కలు

ఇంకా వెనక్కి, నిజాం కాలానికి పోతే ఉర్దూ వస్తుంది. హైదరాబాద్ రాజ్యంలో 1884లో ఫారసీ పోయి ఉర్దూ కచేరీ భాష అయింది. మా వైపు వనపర్తి సంస్థానం, కృష్ణ అవతల నడిగడ్డలో గద్వాల సంస్థానం. ఊళ్లో మాట్లాడేది తెలుగు, సేత్వార్ లాంటి భూమి రికార్డు మాత్రం ఉర్దూ. ఉర్దూ అంకెల్లో సున్న అంటే ఒక చుక్క. అయిదు అంకె మన కంటికి సున్నలా ఉంటుంది. ఈగ మచ్చ పడితే 12 కాస్తా 120 అవుతుంది. అందుకని ఇలాంటి కాగితాన్ని ఉర్దూ వచ్చిన ఇద్దరి చేత, ఒకరికి తెలియకుండా ఒకరి చేత చదివించండి. రెండూ కలిస్తేనే నమ్మండి.

సంవత్సరం 13 వందల పైచిలుకు ఉంటే భయపడకండి, అది నిజాం సర్కారు వాడిన ఫసలీ సంవత్సరం. దానికి 590 కలిపితే మన లెక్కలోకి వస్తుంది, ఏడాది మధ్యలో మారుతుంది కాబట్టి ఒక్కోసారి 591.

తెలుగు లెక్కల్లోనూ గీతలుంటాయి. నిలువు గీత ఒకటి పాతిక, రెండు అర, మూడు ముప్పాతిక. అడ్డగీత ఒకటి వీసం, అంటే పదహారో వంతు. రూపాయికి పదహారు అణాలున్న రోజుల్లో ఆ అడ్డగీతే అణా. ఇవి తెలియకపోతే గొలుసు కొక్కెం ఏదో, డబ్బు ఏదో విడదీయలేరు. తెలుగు అంకెల్లో రెండుకూ మూడుకూ పోలిక మరీ ఎక్కువ, మొత్తం కూడి చూస్తే తప్ప తేలదు. పాత లెక్కల కాగితం ఏది చేతికొచ్చినా నేను ముందు కూడికే వేస్తాను.

8. కలం

బాల్ పెన్నుతో నొక్కి రాయాలి, నొక్కితే గొలుసు సాగదు. పాళీ అరిగిన ఇంకు పెన్ను మేలు. 1932 నుంచి రాజమండ్రిలో రత్నం పెన్నులు చేస్తున్నారు, అలాంటిది ఒకటి చేతికి అలవాటైతే ఇంకొకరికి ఇవ్వబుద్ధి కాదు.

9. కంపోజిటర్ మీద దయ ఉండాలి

మా వైపు పుట్టిన సురవరం ప్రతాపరెడ్డి గారు 1926లో గోలకొండ పత్రిక పెట్టారు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చారు, అందులో 354 మంది కవులున్నారు. అప్పట్లో అచ్చుకు వెళ్లేదంతా చేతిరాతే. కంపోజిటర్ ఆ కాగితాన్ని ముందు పెట్టుకుని ఒక్కో సీసపు అక్షరాన్నీ గళ్లలోంచి ఏరి, తిరగేసి పేర్చాలి. రకరకాల చేతులు, ఒక్కో జిల్లాకు ఒక్కో వాటం. ఆ 354 మంది రాతలనూ విడదీసి చదివినవాళ్ల పేర్లు కూడా ఎక్కడో ఒక మూల వేయాల్సిందని నాకు అనిపిస్తుంది. ప్రెస్సుకు పంపేది ఒక పక్కే, ఎడం ఎడంగా, విడిగా రాయాలని పాత తరం రచయితలకు ఎవరూ చెప్పకుండానే తెలుసు.

10. పిల్లలకు నేర్పాలా?

అమెరికా బడుల్లో కర్సివ్ చాలా చోట్ల మూలపడింది. కాలిఫోర్నియా 2023లో చట్టం చేసి ఒకటి నుంచి ఆరో తరగతి దాకా మళ్లీ నేర్పమంది. అక్కడి మన పిల్లలు కూడా ఇప్పుడు రాస్తున్నారు. ఇక్కడ మన ప్రైవేటు బడుల్లో అది ఎన్నడూ పోలేదు, వేళ్ల మీద కొట్టి మరీ రాయించారు. అదే బడుల్లో తెలుగు గొలుసుకట్టు మాటే వినబడదు. పదో తరగతి పాసైన పిల్లవాడు తాత రాసిన ఉత్తరం చదవలేడు.

నా అభిప్రాయం అడిగితే, రాయడం అందరికీ అక్కర్లేదు. చదవడం నేర్పాలి. ఎనిమిదో తరగతిలోనో తొమ్మిదిలోనో తెలుగు సారు పిల్లలను ఇంట్లో ఉన్న పాత ఉత్తరం ఒకటి, లేదా పాత కాగితం జిరాక్సు ఒకటి తెమ్మనాలి. నాలుగు దిక్కులు వెతకమనాలి. పిల్లలకు అది ఆటలా ఉంటుంది, మా మనవరాలి స్నేహితులు పందెం వేసుకుని చదివారు. ఇక రాసే సంగతి. మూడు గంటల పరీక్షలో చేయి నొప్పి పుట్టకుండా రాయాలంటే కొంత కలపక తప్పదు, పిల్లలు వాళ్లంతట వాళ్లే కలుపుకుంటారు. టీచరు చూడాల్సింది ఏ అక్షరం ఇంకో అక్షరంగా మారిపోతోందో అది. వాలు ఎంత, ముత్యాల్లా ఉందా అని మార్కులు కోయడం నాకు నచ్చదు. కోడి కెలికినట్టు రాసినా ప్రతి అక్షరం దాని పేరు అది చెప్పుకుంటే చాలు.

11. పాత కాగితం మీద కొత్త పెన్ను పెట్టొద్దు

సిరా వెలిసిపోయిందని చాలామంది బాల్ పెన్ను తీసుకుని పాత గీతల మీదే దిద్దుతారు. మంచికే చేస్తారు గానీ, ఇంతకన్నా చెరుపు లేదు. దిద్దినవాడికి గొలుసుకట్టు రాదు కాబట్టి తనకు తోచిన అక్షరం దిద్దుతాడు, అసలు అక్షరం దాని కింద శాశ్వతంగా పోతుంది. పైగా రెండు సిరాలు కనబడితే ఎదుటి వకీలు ఊరుకోడు. ప్రామిసరీ నోటు అయితే ముఖ్యమైన చోట దిద్దుబాటు ఉంటే నోటే చెల్లకుండా పోవచ్చు. 30 ఏళ్లు దాటిన పత్రం, ఉండాల్సినవారి దగ్గరి నుంచే వచ్చిందని తేలితే, అందులోని రాతా సంతకమూ ఆ పేరుగల మనిషివే అని కోర్టు అనుకోవచ్చు. 1872 నాటి సాక్ష్య చట్టంలో ఉన్న ఈ వెసులుబాటు 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలోనూ ఉంది. ఒకరి చేతిరాతను దగ్గరగా ఎరిగినవారి సాక్ష్యం కూడా వింటారు. దిద్దిన కాగితానికి ఈ బలమంతా తగ్గిపోతుంది.

లామినేషన్ కూడా చేయించకండి, వేడికి కొన్ని సిరాలు చెదురుతాయి, మళ్లీ ఊడదీయలేరు. పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, కాగితాన్ని కొంచెం వాలుగా పట్టి ఫోన్లో ఫొటో తీయండి. సిరా పోయినా పాళీ నొక్కిన గాడి ఉంటుంది, వాలు వెలుతురులో అది తేలుతుంది. వెనక పక్క కూడా తీయండి. అప్పు కాగితాల మీద చెల్లులు అక్కడే రాస్తారు. ప్రామిసరీ నోటుకు గడువు మూడేళ్లు. గడువు లోపల కొంత డబ్బు ముట్టినట్టు, ఆ డబ్బు కట్టినవాడి చేతిరాతలోనో, సంతకంతోనో చెల్లు ఉంటే మూడేళ్లు మళ్లీ ఆ తేదీ నుంచి మొదలవుతాయి. ముందు పక్క మాత్రమే జిరాక్సు తీయించుకుని, వెనక ఏముందో చూడకుండా నా దగ్గరికి వచ్చేవాళ్లే ఎక్కువ.